సమాచార హక్కు దరఖాస్తు వాపస్ తీసుకోమని ఒత్తిడి. అప్పీల్లోనే రాయాలా, వేరే ఫిర్యాదు చేయాలా?

హన్మకొండ దగ్గర మా ఊళ్లె వేసిన సీసీ రోడ్డు ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం), బిల్లుల నకళ్లు కావాలని మండల స్థాయిలో 5 రూపాయల కోర్టు ఫీజు స్టాంపుతో సెక్షన్ 6(1) కింద దరఖాస్తు పెట్టినం. ముట్టినట్టు ముద్ర, తేదీ ఉన్నయి. 30 రోజుల గడువు దాటి 12 రోజులైంది. జవాబు రాలేదు, ఫోన్లు వస్తున్నయి. "ఎవరు పెట్టిచ్చిన్రు, ఎందుకు?" అని. 6(2) ప్రకారం కారణం చెప్పే పనే లేదు.

నిన్న టైపు చేసిన కాగితం సంతకానికి తెచ్చిన్రు: "కోరిన సమాచారం అందినది, అప్పీలు చేయను." తేదీ చోటు ఖాళీగా ఉంది. పెట్టలేదు. పెడితే సమాచారం ఇచ్చినట్టే లెక్క రాసుకుంటరు, తేదీ గడువు లోపలిది వేసుకుంటరు.

మొదటి అప్పీలుకు ఇంకా 18 రోజులున్నయి. సమాచార కమిషన్‌కు పెట్టే సెక్షన్ 18 ఫిర్యాదుతో జరిమానా వేయించొచ్చు గానీ కాగితాలు ఇప్పించలేమని 2011 మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మాకు ముఖ్యం కాగితాలే, ఎం-బుక్‌లో రాసిన పొడవు, వెడల్పు, మందం దొరికితేనే టేపు పట్టి రోడ్డుతో సరిచూడగలం. అందుకే 19(1) అప్పీలు వేస్తున్నం, గడువు దాటింది కాబట్టి 7(6) ప్రకారం ఉచితంగా ఇయ్యాలని కూడా అడుగుతం.

తెలిసినోళ్లు చెప్పండి: ఫోన్ల తేదీలు, టైములు, ఆ కాగితం ఫొటో అప్పీలుకే జతచేయాలా, కమిషన్‌కు వేరే ఫిర్యాదుగా పంపాలా? రెండూ ఒకేసారి నడిపితే అప్పీలు ఆలస్యమైతదా? ఒక్కరి మీదే ఒత్తిడి పడకుండ ఇంకో నలుగురు ఇదే దరఖాస్తు వేస్తే పనికొస్తదా?