ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ: కంపారేటర్ రాస్తే సమానానికి పనిచేస్తోంది, ఇన్‌కి పనిచేయడం లేదు

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి లారీల రిజిస్టర్ రాస్తున్నాను. పైథాన్ 3.11, ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ 2.0 (పైథాన్ నుంచి డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీ), పోస్ట్‌గ్రెస్ 15 డేటాబేస్. తోతాపురి సీజన్‌లో గేటు దగ్గర ముగ్గురు మారతారు. ఒకరు బండి నంబరు ‘ఏపీ 03’ అని ఖాళీ వదిలి కొడతారు, ఇంకొకరు ‘ఏపీ-03’ అని, మూడో ఆయన అంతా చిన్న అక్షరాల్లోనే. పాత ఎంట్రీలు ముట్టుకోవద్దని ఓనరు గారి మాట.

అందుకే బండి నంబరు కాలమ్‌ని కాలమ్ ప్రాపర్టీగా పెట్టి, కంపారేటర్ ఫ్యాక్టరీగా (ఆ కాలమ్‌ని ఎలా పోల్చాలో చెప్పేది) నా క్లాసు ఇచ్చాను. అందులో సమానం గుర్తు మెథడ్‌ని మార్చి, రెండు వైపులా ఖాళీలు, గీతలు తీసేసి అప్పర్ చేసి (పెద్ద అక్షరాలుగా మార్చి) పోలుస్తున్నాను. ఫిల్టర్‌లో ఒక్క నంబరు ఇస్తే బంగారంలా దొరుకుతోంది.

వేబ్రిడ్జి నుంచి వచ్చిన 40 నంబర్ల జాబితాను ఇన్‌తో (జాబితాలో ఏదో ఒకటైతే చాలనే షరతు) ఇస్తే మాత్రం 6 వరసలే వచ్చాయి. ఎకో (పంపే క్వెరీని చూపించే సెట్టింగ్) ఆన్ చేసి చూస్తే క్వెరీలో అప్పర్ జాడే లేదు, ఉత్త కాలమ్‌నే పోలుస్తోంది. ఎర్రర్ కూడా రాకపోవడంతో రెండు రోజులు ఎవరూ గమనించలేదు!

మామూలుగా పోలికలన్నీ వెళ్లే ఆపరేట్ మెథడ్‌ని మార్చి చూశాను. జాబితా మొత్తాన్నీ ఒకే విలువ అనుకుని అప్పర్‌కి పంపి ఎర్రర్ ఇచ్చింది. హైబ్రిడ్ ప్రాపర్టీ (పైథాన్‌లోనూ క్వెరీలోనూ పనిచేసే ప్రాపర్టీ) కంపారేటర్‌తోనూ అదే గోల. 40 సమానాలను ఆర్‌తో కలిపితే నడుస్తుంది గానీ, ప్రతి క్వెరీలో అలా రాయలేను.

కంపారేటర్ క్లాసులోనే ఇన్‌ని ఎలా రాస్తే జాబితాలోని ఒక్కో విలువకూ ఈ మార్పు విడివిడిగా పడుతుంది?