అప్‌డేట్: పాత ఈ-రీడర్ మళ్లీ చదువుకు పనికివచ్చింది

వైఫై కలవక, కంప్యూటర్ గుర్తించక మూలనపడిన నా పాత ఈ-రీడర్‌ను (ఎలక్ట్రానిక్ పుస్తకాలు చదివే పరికరాన్ని) ఎలా వాడుకోవాలని గతంలో అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

లోపం కేబుల్‌దేనని తేలింది. నేను వాడినది ఛార్జింగ్‌కు మాత్రమే పనికివచ్చేది. డేటా కేబుల్ పెట్టగానే పరికరం పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంది. పాత సాఫ్ట్‌వేర్‌కు నేటి భద్రతా ప్రమాణాలు తెలియవు కనుక వైఫైపై ఆశ వదులుకుని, దాన్ని ఆపివేశాను. అందువల్ల బ్యాటరీ కూడా ఎక్కువ రోజులు వస్తోంది. ఉచిత ఈ-పుస్తకాల వెబ్‌సైట్ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ నుంచి ఈపబ్ అనే ఫైల్ రూపంలో దించుకున్న పుస్తకాలను, కాలిబర్ అనే ఈ-పుస్తకాల సాఫ్ట్‌వేర్‌తో ఈ పరికరం చదవగల మోబి రూపంలోకి మార్చి ఎక్కిస్తున్నాను.

అసలు చిక్కు తెలుగు పుస్తకాలతో వచ్చింది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం తెరపై స, త, ర ముక్కలుగా విడిపోయి, మధ్యలో పొల్లులతో కనిపించేది. వత్తులను కూర్చే శక్తి ఆ పరికరానికి లేదు. అందుకే ఆరంగుళాల తెరకు సరిపోయేలా సుమారు 9 సెంటీమీటర్ల వెడల్పు, 12 సెంటీమీటర్ల ఎత్తు గల పేజీతో, అంచులు బాగా తగ్గించి, కాలిబర్‌లోనే పీడీఎఫ్ తయారుచేశాను. అక్షరాలను కంప్యూటరే ముందుగా కూర్చడంతో, ఫాంటు కూడా ఫైల్‌లోనే ఇమిడి ఉండడంతో వత్తులన్నీ చక్కగా కుదిరాయి. అయితే తరువాత అక్షరాల పరిమాణం మార్చుకోలేము కాబట్టి, మార్పిడి సమయంలోనే కాస్త పెద్దవి ఎంచుకోవడం మేలు. నిన్న రాత్రి ఒక నవలలో నలభై పేజీలు ఎక్కడా తడబడకుండా చదివాను.