పాత ఇంటి మురుగు పైపుకు సర్వీస్ లైన్ కవరేజ్ తీసుకోవాలా?

అమెరికాలో సొంతిల్లు ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. ఒహాయోలో 1958లో కట్టిన ఇల్లు కొన్నాం. ఇంటి నుంచి వీధిలోని పెద్ద మురుగు లైన్ (మెయిన్) దాకా మురుగు పైపు బాధ్యత మాదేనట. అది పాత మట్టి పైపు. ప్లంబర్ కెమెరా పంపి చూపిస్తే, అతుకుల్లోంచి మేపుల్ చెట్టు వేర్లు జడల్లా వేలాడుతున్నాయి! తవ్వాల్సి వస్తే వేల డాలర్లు. పాతబడి పాడైన పైపుకు మామూలు హోమ్ ఇన్సూరెన్స్ డబ్బులివ్వదు.

ఊరి పేరు పెద్దగా వేసి, ఈ పైపుకు వారంటీ ఇస్తాం, నెలనెలా కట్టమని ఉత్తరాలు వస్తున్నాయి. మా ఇన్సూరెన్స్ ఏజెంటేమో ఇంటి పాలసీకే సర్వీస్ లైన్ ఎండార్స్‌మెంట్ (ఇంటికీ వీధికీ మధ్య భూమిలో ఉన్న పైపులు, లైన్లకు అదనపు కవరేజ్) కలుపుకోమంటున్నారు. నాకు రెండోదే నయమనిపిస్తోంది. కానీ వేర్లున్నాయని ముందే తెలిశాక క్లెయిమ్ ఇస్తారా అన్నదే టెన్షన్. నిజంగా క్లెయిమ్ చేసినవాళ్లున్నారా? తవ్విన డ్రైవ్‌వే మళ్లీ వేయించుకోవడానికి కూడా డబ్బులిచ్చారా?