ఈ వారం సమస్య: మునిగినట్టి నావ మురిపెమొసగె

పలకా బలపం (నిర్వహణ):
సమస్య ఇవ్వడం నాలుగు రోజులు ఆలస్యమైంది, మన్నించండి. మా ఆవిడా నేనూ స్టాక్‌హోం వెళ్ళి మొన్ననే తిరిగొచ్చాం. ఆ ఊరు పద్నాలుగు దీవుల మీద ఉంది, ఎటు నడిచినా నీళ్ళు ఎదురొస్తాయి. స్లుస్సెన్ దగ్గర ఫెర్రీ ఎక్కి యూర్గార్డెన్ దీవిలో దిగి వాసా మ్యూజియానికి వెళ్ళాం. లోపల దీపాలు బాగా తగ్గించి పెట్టారు. కళ్ళు ఆ చీకటికి అలవాటు పడేసరికి ఎదురుగా వాసా, పాతకాలపు యుద్ధనౌక. మూడంతస్తుల మేడ అనుకున్నాను ముందు. వెనక భాగమంతా సింహాలు, వీరులు, చెక్కుడు బొమ్మలు. 1628 ఆగస్టు 10న మొదటిసారి తెరచాప ఎత్తి, గట్టిగా 1300 మీటర్లు పోకుండానే ఆ రేవులోనే మునిగిందట. 1961 ఏప్రిల్ 24న పైకి తీశారు. పై వరండా కమ్మీ పట్టుకుని చూస్తుంటే ఈ పాదం నోట్లోకి వచ్చేసింది. మా ఆవిడ చేతిసంచీలోంచి టికెట్ తీసి దాని వెనక రాయించింది.
మునిగినట్టి నావ మురిపెమొసగె
ఇది చివరి పాదంగా వచ్చేలా మిగతా మూడు పాదాలూ రాసి పద్యం పూరించాలి. ఇక మీ వంతు.

గోదారి గట్టు:
స్వాగతం అన్నయ్యా. బోణీ నాది.
వాస యనెడు నోడ వాసి గాంచినదంట
మూడు వందలేండ్లు మునిగి నీట
నేడు జంట చూడ నిలిచెను నిండుగా
మునిగినట్టి నావ మురిపెమొసగె

ఉత్పలమాలి:
ధార బాగుంది గట్టు గారూ. ‘వాస’, ‘వాసి’ పక్కపక్కన పడటం చెవికి ఇంపుగా ఉంది. ‘గాంచినదంట’ దగ్గర మాత్రం ఆగాను. ‘అంట’ అంటే ఎవరో చెబితే విన్నమాట. మూడో పాదంలో జంట కళ్ళారా చూస్తోంది కదా, మొదటి పాదంలో విన్నమాట ఎందుకు? ‘గాంచినదెంతొ’ అంటే గణానికీ (పాదంలో అక్షరాల కొలతకూ) ఇబ్బంది లేదు.

గోదారి గట్టు:
ఒప్పుకున్నాను. ‘గాంచినదెంతొ’ అని చదువుకోండి అందరూ.

పెన్నేటి ఇసుక:
గట్టు గారి పద్యంలో ఓడ ఉంది, జంట ఉంది, సమస్య మాత్రం అలాగే ఉండిపోయింది. మునిగినా మురిపెమిచ్చింది అన్నారు, అంతే. మునగడం వల్లనే ఇచ్చింది అనాలి, ముడి అక్కడుంది.
తేలియున్న నదియు తెగియుండు నెన్నడో
కట్టె లగుచు పోయి కాలియుండు
బురద పొత్తిలోన పొదివి దాచుట చేత
మునిగినట్టి నావ మురిపెమొసగె

పలకా బలపం:
ఇసుక గారూ, ఇది పూరణ! ఆ రోజుల్లో మునగకుండా తిరిగిన ఓడలు ఎన్నో, ఏవీ? ఏ పొయ్యిలోకో, ఏ ఇంటి దూలంలోకో పోయాయి. మునిగిన ఈ ఒక్కటే నిలబడింది, అందులో 98 శాతం అసలు చెక్కే. ‘బురద పొత్తి’ అన్నమాట మా ఆవిడకు చదివి వినిపించాను. పసిబిడ్డను పొత్తిళ్ళలో చుట్టినట్టు అంది. మళ్ళీ మళ్ళీ చదివించుకుంది.

రేపల్లె రైలు:
చమత్కారానికి నా నమస్కారం. కానీ ఇసుక గారూ, పద్యం అందంగా ఉన్నంత మాత్రాన కారణం మారిపోదు. ఓడను కాపాడింది బురద కాదు, నీరు. బాల్టిక్ సముద్రంలో ఉప్పు తక్కువ. ఉప్పునీళ్ళలో కలపను తొలిచి జల్లెడ చేసే పురుగు అక్కడ బతకలేదు. అదే ఓడ మన బంగాళాఖాతంలో మునిగి ఉంటే 333 ఏళ్ళకు చూడటానికి ఏం మిగిలేది?
ఉప్పు తక్కువైన యుదకమే కాపాయె
తొలుచు పురుగు లేక దూలమెల్ల
చెక్కు చెదరలేదు, చెలి చేయి పట్టగా
మునిగినట్టి నావ మురిపెమొసగె

పెన్నేటి ఇసుక:
రైలు గారు నా పద్యం కింద పద్యం పెట్టకుండా ఏనాడూ ఉండలేదు, సంతోషం. రెండు పాదాల్లో శాస్త్రం చెప్పి, మూడోదాంట్లో ‘చెలి చేయి’ ఎక్కడి నుంచి వచ్చింది? పురుగుకూ చెలికీ అన్వయం ఏది? పైగా ఓడ అడుగు భాగం బంకమట్టిలో కూరుకునే ఉంది. బురద అన్నది నా కల్పన కాదు.

రేపల్లె రైలు:
సమస్య పుట్టిందే దంపతుల ప్రయాణంలో. నా పద్యంలో చెలి రాకపోతే ఎవరు వస్తారు? మీ పద్యంలో మనుషులే లేరు. అన్వయం సంగతి ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను, ఇదివరకటి ‘రాత్రి పదికి నెండ’ సమస్యకు మీరు రాసిన పూరణలో ఎండ ఎక్కడుంది?

గోదారి గట్టు:
ఆ పాత చర్చ మళ్ళీ తెరిచారా! అప్పుడు నలభై వ్యాఖ్యలు నడిచాయి.

పెన్నేటి ఇసుక:
తెరిచారు కాబట్టి నా పద్యం మళ్ళీ ఇక్కడే పెడతాను, అందరూ చూడండి. పలకా గారు ఇప్పుడు ఆ వైపే వెళ్ళొచ్చారు గనక సాక్ష్యం కూడా దొరికింది.
చీకటేది యింత సేపైన దిగలేదు
జూను నెలను మేము చూచినపుడు
పొద్దు కుంకదనుచు పొలతి నవ్వుచు జూప
రాత్రి పదికి నెండ రగిలి మండె
రెంటచింతల ఎండ గురించి అందరూ రాస్తే నేను ఉత్తరానికి పోయాను. తప్పా?

ఉత్పలమాలి:
ఉత్తరానికి పోవడం తప్పు కాదు, మంచి ఊహ. ‘రగిలి మండె’ దగ్గరే నాకు అప్పుడూ ఇప్పుడూ అనుమానం. పలకా గారూ, మీరే చెప్పండి.

పలకా బలపం:
మేం వెళ్ళింది జూన్ మూడో వారంలోనే. అప్పుడు అక్కడ పొద్దు కుంకేది రాత్రి పది దాటాక, మళ్ళీ తెల్లవారుజామున మూడున్నరకే వచ్చేస్తుంది. ఆ రెంటి మధ్య కూడా ఆకాశం పూర్తిగా నల్లబడదు. పదింటి వేళ గామ్లా స్టాన్ అనే పాత ఊరి సందుల్లో ఇళ్ళ పైఅంచుల మీద బంగారు రంగు ఎండ పాకుతుంది. మండదు. చలికోటు వేసుకునే ఉన్నాం. పాదం సమస్యగా ఇచ్చింది కాబట్టి ‘రగిలి’ మార్చే వీలు కవికి లేదు, ఇసుక గారి తప్పు కాదది. రైలు గారూ, ఆ ఒక్క మాటకు వదిలేయండి.

రేపల్లె రైలు:
వదిలేశాను. ‘పొలతి నవ్వుచు జూప’ బాగుందని అప్పుడే రాసి ఉండాల్సింది. ఇప్పుడు రాస్తున్నాను.

విశాఖ రేవు:
ఆలస్యంగా చూశాను. ఓడల పని చేసి రిటైరైన వాణ్ణి, బురదా ఉప్పూ తగువులో రెండు మాటలు. ఇద్దరూ నిజమే చెప్పారు. పురుగు రాకుండా చూసింది నీరు. అడుగుభాగాన్ని కదలనివ్వకుండా పట్టింది బంకమట్టి. ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది, అసలు ఎందుకు మునిగింది? ఓడ ఒళ్ళు సన్నం, పైన బరువు ఎక్కువ. 64 ఫిరంగులు, వాటిలో పెద్దవన్నీ రెండు అంతస్తుల్లో బారులు తీర్చి ఉన్నాయి. అడుగున వేసిన రాళ్ళ బరువు దాదాపు 120 టన్నులు, అది చాలలేదు. వేద్దామన్నా చోటు లేదు, వేస్తే కింది వరస ఫిరంగి కిటికీలు నీటికి ఇంకా దగ్గరవుతాయి. బయల్దేరక ముందే ముప్పై మంది నావికుల్ని ఈ పక్క నుంచి ఆ పక్కకు పరుగెత్తించి చూశారు. మూడు పరుగులకే ఓడ ఒరిగిపోతుంటే పరీక్ష ఆపేశారు. ఆపినవాళ్ళు నోరు విప్పలేదు, స్వీడన్ రాజు పోలండ్ యుద్ధంలో ఉండి తొందర పెడుతున్నాడు. గాలి విసురుకు ఒరిగి, తెరిచి ఉన్న కిటికీల్లోంచి నీళ్ళు వచ్చేశాయి. విచారణ జరిగింది, శిక్ష ఎవరికీ పడలేదు. ఆ మూడు పరుగుల దగ్గర నా మనసు ఎప్పుడూ ఆగిపోతుంది. ఇప్పుడు పద్యం. ఓడ వదిలేసి ఊళ్ళోకి వెళ్ళాను, మేమూ 2014లో చూశాం.
సతియు నేను కలిసి స్టాక్‌హోము తిరుగంగ
నీలి హాలుకేది నీలి రంగు
పేరుకొకటి, కంటికి వేరొకటి యగుచు
మునిగినట్టి నావ మురిపెమొసగె

గోదారి గట్టు:
రేవు గారూ, అదిరింది! నీలి హాలు అంటే సిటీ హాల్లో నోబెల్ విందు జరిగేదేనా?

విశాఖ రేవు:
అదే. డిసెంబరు 10న విందు అక్కడే. గోడలకు నీలం రంగు వేయాలనుకుని, ఎర్ర ఇటుకలు కట్టాక ఆ అందం చూసి వాస్తుశిల్పి రాగ్నార్ ఓస్ట్‌బెరి మనసు మార్చుకున్నాడు. పేరు మాత్రం నీలి హాలుగానే నిలిచిపోయింది. 1923లో తెరిచారు. మేం మెట్ల మీద నిలబడినప్పుడు మా ఆవిడ అడిగింది, సి.వి. రామన్ వచ్చింది ఈ ఊరికేనా అని. ఆయన చిన్నప్పుడు చదువుకున్నది మా విశాఖలో, 1930లో బహుమతి అందుకున్నది ఆ ఊళ్ళో. ఆ మాట అనుకుని ఇద్దరం కాసేపు అక్కడే ఉండిపోయాం.

ఉత్పలమాలి:
అన్నీ తలకిందులైన ఊరు కనుక మునిగిన నావ కూడా మురిపించింది అన్న అన్వయం గట్టిది. ‘స్టాక్‌హోము’ చక్కటి తగణంగా (గురువు, గురువు, లఘువు అనే వరసగా) ఒదిగింది. మూడో పాదంలో ఒక్క అక్షరం జారింది రేవు గారూ, ‘కంటికి’లో ‘కి’. యతి స్థానంలో (పాదం మొదటి అక్షరంతో పొంది కుదరాల్సిన చోట) ‘వే’ రావలసింది, ‘కి’ వచ్చి కూర్చుంది. ‘పేరుకొకటి, కనుల వేరొకటి యగుచు’ అంటే సరి.

రేపల్లె రైలు:
‘కలిసి’ తర్వాత ‘స్టా’ ఉంది కదా, సంయుక్తాక్షరం ముందున్న ‘సి’ గురువు (రెండు మాత్రల అక్షరం) కాదా?

ఉత్పలమాలి:
కాదు. వేర్వేరు పదాలు, సమాసం లేదు. ‘సి’ లఘువే.

విశాఖ రేవు:
‘కి’ తీసేశాను. వేళ్ళ మీద లెక్కపెట్టుకుని కూడా జారాను, మీ చెవికి దండం.

తులసికోట:
నేను పలకా గారి ఇంటావిడను. చదవడమే గానీ ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. అందరి పద్యాలూ బాగున్నాయి. కానీ ఒక్కటి చెప్పాలనిపించింది. ఆ ఓడతో పాటు ముప్పై మంది దాకా పోయారు. మురిపెం అన్న మాట పలకడానికి ముందు నాకు గొంతు పట్టేసింది. కింది అంతస్తులో దొరికిన అస్థిపంజరాలు ఉంచారు. పక్కనే ఆ పుర్రెల ఆకారం బట్టి తీర్చిన ముఖాలు, కనుబొమలూ ముడతలతో సహా. ఒక నావికుడి పెట్టె ఉంది, అందులో టోపీ. వెన్న పెట్టుకున్న డబ్బా ఉంది. ఇంటి నుంచి ఎవరో కట్టి ఇచ్చి ఉంటారు. ఆయన పైన ఫిరంగులు లెక్కపెడుతుంటే నేను ఆ డబ్బా దగ్గరే ఉన్నాను. ఇరవై నిమిషాలకు ఆయనే నన్ను వెతుక్కుంటూ దిగి వచ్చారు. తప్పులుంటే దిద్దండి.
పెట్టె లోన టోపి, వెన్న గిన్నెయు గాంచి
కన్ను తడిసె మొదట, కడకు వారి
మోము మరల దీర్చు ముచ్చట గాంచగా
మునిగినట్టి నావ మురిపెమొసగె

పెన్నేటి ఇసుక:
అమ్మా, నా పద్యంలో మనుషులు లేరని రైలు గారు అన్నప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఆయన మాట నిజమని తెలిసింది. బురద ఓడను దాచిందని రాశాను గానీ, వాళ్ళను కూడా దాచిందన్న ఊహే రాలేదు నాకు.

రేపల్లె రైలు:
నాకూ రాలేదు ఇసుక గారూ. ఉప్పు దగ్గరే ఆగిపోయాను.

విశాఖ రేవు:
తీసిన తర్వాత 17 ఏళ్ళ పాటు ఆ చెక్క ఎండి పగలకుండా మైనం లాంటి రసాయనాన్ని చిలకరించారు. అదీ ఓపికే. కానీ ముఖాలు తీర్చిన ఓపిక వేరు. చెల్లెమ్మ పట్టుకున్నది దాన్ని.

ఉత్పలమాలి:
తులసికోట గారూ, గణాలు, యతులు అన్నీ సరిగ్గా ఉన్నాయి. మొదటిసారి రాసినట్టు లేదు. ఒక్క చిన్న సవరణ: ‘వారి’ అన్నారు కనుక ‘మోము’ ఏకవచనం కుదరదేమో. ‘మోములన్ని దీర్చు’ అంటే గణం చెడదు, వచనమూ సరిపోతుంది.

తులసికోట:
చెప్పినందుకు సంతోషమండీ. కానీ ‘అన్ని’ అనలేను. దొరికిన వాళ్ళందరి ముఖాలూ తీర్చలేదు, కొందరివే. మిగతా వాళ్ళవి ఎముకలే ఉన్నాయి అద్దాల వెనక.

ఉత్పలమాలి:
అయితే ‘మోము’నే ఉంచండి.