మల్టీకుక్కర్‌లో లైటే వెలగట్లేదు, లోపలి సర్క్యూట్ బోర్డు పోయినట్టేనా?

ప్రశ్న:
మాది 5 లీటర్ల ఎలక్ట్రిక్ మల్టీకుక్కర్, 1000 వాట్లు. నిన్న పప్పు ఉడుకుతుండగా ఉన్నట్టుండి ఆగిపోయింది. డిస్‌ప్లే లేదు, బీప్ లేదు. అదే సాకెట్లో మిక్సీ బాగానే తిరుగుతోంది. రిపేరు షాపతను విప్పి చూడకుండానే "బోర్డు పోయిందమ్మా, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. వారంటీ అయిపోయింది. మా అత్తగారికి మెత్తటి అన్నం రోజూ ఇందులోనే వండాలి. ఏం చేయమంటారు?

జవాబు:
అప్పుడే కొనకండి మేడమ్. అసలు లైటే రాలేదంటే ముందు అనుమానించాల్సింది వైరునీ, థర్మల్ ఫ్యూజునీ (వేడి మితిమీరితే తెగిపోయి కరెంటు ఆపేసేది). బోర్డు సంగతి తర్వాత.

వైరు కుక్కర్‌లోకి దూరే చివర చూడండి. రంధ్రం అంచు నల్లబడి, ప్లాస్టిక్ కరిగినట్టుంటే అక్కడ లూజు కాంటాక్టు. ఈ కుక్కర్ 4 ఆంప్స్ పైనే లాగుతుంది, లూజుగా ఉంటే కాలుతుంది.

వైరు బాగుంటే ప్లగ్ తీసేసి, చల్లారాక తెలిసినవాళ్లతో అడుగు విప్పించండి. హీటింగ్ ప్లేటు పక్కన గుడ్డలాంటి తెల్లటి తొడుగులో సన్నటి లోహపు గొట్టం ఉంటుంది. అదే థర్మల్ ఫ్యూజు. మల్టీమీటర్‌ని (కరెంటు కొలిచే మీటరు) కంటిన్యుటీలో, అంటే తీగ తెగిందో లేదో చూసే సెట్టింగులో పెట్టి రెండు చివర్లా ఆనిస్తే బీప్ రావాలి. రాలేదంటే పోయింది. హీటరు కూడా చూడమనండి, 50 ఓమ్స్ చుట్టుపక్కల చూపించాలి.

ఫ్యూజు తీసేసి వైర్లు నేరుగా కలిపేస్తామంటే మాత్రం దయచేసి ఒప్పుకోకండి. వేడిని చూసే సెన్సరు మొరాయించిన రోజు ప్లేటు ఎర్రగా కాలిపోకుండా ఆపేది ఆ ఫ్యూజే.

ఇంకొకరు:
మాకు లైటు వచ్చేది కానీ ఆన్ చేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే మెయిన్ స్విచ్చు) పడిపోయేది. గంజి పొంగి కిందకి దిగింది. అదీ ఇదీ ఒకటేనా?

జవాబు:
కాదండీ. మీది ఎర్త్ లీకేజీ, అంటే కరెంటు కుక్కర్ బాడీలోకి కారడం. తడి పూర్తిగా ఆరాక కూడా పడిపోతుంటే హీటరు మార్చాల్సి రావచ్చు, ఈలోపు వాడకండి.

ప్రశ్న అడిగినవారు:
మీరన్నదే, ఫ్యూజుకి బీప్ రాలేదు! మీద 172 డిగ్రీలని ఉంది. షాపులో 185ది ఉందంటున్నారు, పెట్టించనా?

జవాబు:
వద్దు, 172దే తెప్పించండి. టంకం పెట్టనివ్వకండి, ఆ వేడికే కొత్తది పోతుంది, వైర్లని క్లిప్పుతో నొక్కి బిగించమనండి. అన్నట్టు, ప్లేటు మీద ఎండిన మెతుకేమైనా అతుక్కుని ఉందా? మెతుకు అడ్డుపడితే గిన్నె ప్లేటుకి ఆనదు, వేడంతా కిందే ఉండిపోయి ఫ్యూజు పోతుంది. గిన్నె అడుగు తుడిచి, మధ్యలో ఉన్న సెన్సరు బటన్ నొక్కితే తిరిగి పైకి లేస్తోందో లేదో చూసి గానీ ఆన్ చేయకండి.