ఏ పోరాట క్రీడలో ఛాంపియన్ అవ్వడం అన్నిటికంటే కష్టం?

బాక్సింగ్, కుస్తీ, జూడో, ఎమ్ఎమ్ఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్)... పైదాకా ఎదగడం వీటిలో ఎందులో ఎక్కువ కష్టమో తెలిసినవాళ్లు చెప్పగలరా? నాకైతే జూడోనే అనిపిస్తోంది. ఒలింపిక్స్‌లో ఒక్కో వెయిట్‌కి దేశానికి ఒక్కరే. జపాన్ వాళ్లకి ఆ ఒక్క చోటు దక్కించుకోవడమే పెద్ద గండం. పైగా మ్యాచ్ అంతా పైచేయి మీదే అయినా, చివర్లో పట్టు సడలి వీపు బలంగా మ్యాట్‌కి తగిలిందా, ఇప్పాన్ (పూర్తి పాయింట్)! ఆట అక్కడితో సరి.

బాక్సింగ్‌లో ఒకే వెయిట్‌కి నాలుగు పెద్ద ఛాంపియన్ బెల్టులున్నాయి. కానీ తల మీద పడే ఆ దెబ్బలో? అవీ లెక్కలోకి రావాలి కదా.

రోండా రౌజీ 2008 ఒలింపిక్స్ జూడోలో కాంస్యం దగ్గరే ఆగిపోయి, తర్వాత యూఎఫ్‌సీ (పెద్ద ఎమ్ఎమ్ఏ పోటీల సంస్థ) ఛాంపియన్ అయింది. అప్పట్లో మహిళల ఎమ్ఎమ్ఏలో పోటీ తక్కువ కావడం వల్లేనా? రెండు ఆటల్లో పోటీపడినవాళ్లు ఉంటే, దయచేసి మీ అనుభవం వివరంగా రాయండి.