కుండీలో తులిప్‌లు రెండో ఏడు ఆకులే వేశాయి, పూయలేదు

మేముండేది న్యూజెర్సీలో. 2024 అక్టోబరు చివర 14 అంగుళాల కుండీలో పన్నెండు ఎర్ర తులిప్ దుంపలు, అపెల్డూర్న్ రకం, ఆరు అంగుళాల లోతున పాతాను. ఏప్రిల్‌లో అన్నీ పూశాయి. పూలు వాడగానే తలలు తుంచి, జూన్‌లో ఆకులు పూర్తిగా పండేదాకా కదపలేదు, పొటాష్ ఎరువూ వేశాను. తరువాత నీళ్లు ఆపి, వేసవంతా కుండీని గ్యారేజీలో ఉంచాను. చలికాలమంతా బయటే ఉంది కాబట్టి చలి చాలలేదని అనుకోను.

ఈ వసంతంలో ఒక్కో చోట ఒకే వెడల్పాటి ఆకు వచ్చింది, మొగ్గ జాడ లేదు. తవ్వి చూస్తే పెద్ద దుంప బదులు వెల్లుల్లి రెబ్బలంత పిల్లలు నాలుగైదు! పారేయడానికి మనసు రావడం లేదు. ఇలాంటి పిల్ల దుంపలను కుండీలోనే పెంచి మళ్లీ పూయించినవారికి ఎన్నేళ్లు పట్టింది?